తీరపు కావలిబురుజులు



నేటి ప్రసంగమునకు విషయము సముద్రతీరపు కోటలు, కావలిబురుజులు. తిరువూరు ప్రాంతమున కూర్చుండి వినుచున్నవారికి ఈ విషయము కొంత దూరముగా తోచవచ్చును. తిరువూరు మెట్టసీమ. గుట్టలు, చెరువులు, మామిడితోటలు మన కన్నుల యెదుట నుండునవి. సముద్రమును చూడవలెనన్నచో విజయవాడ మీదుగా బందరు వఱకు దాదాపు 90 మైళ్ళు పోవలసియుండును. అట్టివారికి తీరపు కావలితో నేమి పని యని యెవరైన అడుగవచ్చును. ఆ ప్రశ్నకు సమాధానము ఈ ప్రసంగము ముగియులోపల దొరకునని నా నమ్మకము.

మనకు కోట యనగానే జ్ఞప్తికి వచ్చునది కొండపల్లి. రెడ్డిరాజుల కాలమున, 14వ శతాబ్దమున వెలసిన దుర్గమది. దాని బలములో సగము మనుష్యులు కట్టినది, సగము కొండ యిచ్చినది. శత్రువు ఎంత దూరమున నున్నను పైనున్నవారికి కనబడును. ఎక్కి వచ్చుటకు వానికి ఆయాసము. క్రిందికి రాయి దొర్లించుటకు వీరికి సులభము. కాని సముద్రతీరమున, ముఖ్యముగా కృష్ణా గోదావరుల ముఖద్వారములయొద్ద, కొండ యన్నమాటయే లేదు. ఇసుక, ఒండ్రు, ఉప్పుపఱ్ఱ, మడ అడవి, అంతే. అచ్చట కోట కట్టువాడు దేనిని నమ్ముకొని కట్టవలెను? ఈ ప్రశ్నకు లోకమున పలుచోట్ల పలువిధములుగా సమాధానము చెప్పిరి. వానిలో రెండింటిని ముందుగా మధ్యధరాసముద్రపు దీవులలో చూచి, తరువాత మన తీరమునకు వత్తము.

ఆ సముద్రము నడుమ మాల్టా యను చిన్న దీవి కలదు. దాని ప్రక్కనే గోజో యను ఇంకను చిన్న దీవి. 16వ శతాబ్దమున అచ్చట ఓడదొంగల భయము మిక్కుటము. వారు సొత్తుకొఱకే కాక మనుష్యులకొఱకును వచ్చెడివారు. పట్టుకొన్నవారిని దూరదేశములకు గొనిపోయి బానిసలుగా అమ్మెడివారు. 1551వ సంవత్సరమున తురుష్కుల నౌకాదళము గోజోపై దిగి, దుర్గమును లొంగదీసికొని, దాదాపు 5,000 మందిని చెఱగొనిపోయెను. దీవి యించుమించు నిర్జనమయ్యెను. గోజోకు కోట లేకపోలేదు. జనులు ఆ కోటలోనే తలదాచుకొనిరి. అయినను గోడ వారిని కాపాడజాలదయ్యెను.

ఆనాడు మాల్టా నేలుచుండినవారు సెయింట్ జాన్ వీరసంఘమువారు. ఆ దుఃఖము తరువాత శతాబ్దముపాటు వారు తీరము వెంబడి బురుజులు కట్టుచు వచ్చిరి. వానిలో మార్టిన్ డి రెడిన్ అను సంఘాధిపతి 1658, 59 సంవత్సరములలో కట్టించిన 13 బురుజులు మనకు ముఖ్యములు. అవి పెద్ద కోటలు కావు. రెండంతస్తుల చదరపు కట్టడములు. లోపల నుండువారు కొలదిమంది కావలివాండ్రు. పైన చిన్న ఫిరంగి. ఒక దండు వచ్చి చుట్టుముట్టినచో వారు చేయగలిగినది స్వల్పమే. మఱి వాని ప్రయోజన మేమి? ఒక్కొక్క బురుజును దాని కిరుప్రక్కలనున్న బురుజులకు కనబడునట్లు కట్టిరి. సముద్రముపై అనుమానపు తెరచాప కనబడగానే పగలైనచో పొగ, రాత్రియైనచో మంట. ఒకదానిని చూచి వేఱొకటి, దానిని చూచి మఱియొకటి. ఓడ యొడ్డు చేరులోపలనే ఆ వార్త ముఖ్యపట్టణమునకు చేరును. పొలములోనివారు పిల్లలతో, పశువులతో కోటలోనికి పోవుటకు వ్యవధి చిక్కును. ఆ బురుజును శత్రువు నాపుటకు గాక, శత్రువు వచ్చుచున్నాడని చెప్పుటకు కట్టిరి. ఈ భేదమును దయచేసి మనస్సున నుంచుకొనుడు.

రెండవ దృష్టాంతము కార్సికా దీవిలోనిది. ఆ దీవి నేలిన జెనోవా ప్రభుత్వమువారి కాలమున దాని చుట్టును గుండ్రని రాతిబురుజు లనేకములు లేచినవి. వానిలో ఒకటి మోర్టెల్లా యను చోటనున్నది. 1794వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో రెండు ఇంగ్లీషు యుద్ధనౌకలు ఆ బురుజుపై నిప్పులు కురిపించినవి. ఒక నౌకపై 74 ఫిరంగులు, రెండవదానిపై 32. బురుజు చెక్కుచెదరలేదు సరికదా, నౌకలే దెబ్బతిని వెనుకకు మరలినవి. ఆ వింతను చూచిన ఇంగ్లీషువారు తరువాత తమ దేశపు తీరమునను ఆ నమూనానే అనుసరించి బురుజులు కట్టుకొని, ఆ పేరునే కొంచెము మార్చి మార్టెల్లో బురుజులని పిలిచిరి. అయితే ఆ మోర్టెల్లా బురుజు చివరకు పడిపోయినది కూడ ఆ దినములలోనే. నౌకలు మరలిన తరువాత ఇంగ్లీషు సేన నేలపై ఫిరంగులు నిలిపి కొట్టగా రెండుదినములలో లొంగిపోయెను. సముద్రమువైపు అంత బలముగానున్న గోడ నేలవైపునుండి వచ్చినవారి కడ్డురాలేదు.

ఇక మన తీరమునకు వత్తము. ఆంధ్రతీరము దాదాపు 600 మైళ్ళ పొడవైనది. మాల్టాలోవలె ఒకదానికొకటి కనబడు రాతిబురుజుల వరుస మన తీరమున వెలయలేదు. అయినను మన రాజులు తీరమును గూర్చి ఆలోచింపలేదని యనుకొనరాదు. వారి ఆలోచన వేఱుదారిని పోయినది. దానికి సాక్ష్యము నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి.

మోటుపల్లి యిప్పు డొక చిన్న గ్రామము. కాకతీయుల కాలమున గొప్ప రేవు. వెనీసు యాత్రికుడైన మార్కోపోలో ముత్ఫిలి యని పేర్కొన్న రాజ్యము ఈ రేవుపేరనే పిలువబడినదని చరిత్రకారుల యభిప్రాయము. అచ్చటి వీరభద్రాలయమున నొక శిలాస్తంభము కలదు. దానిపై కాకతి గణపతిదేవ చక్రవర్తి శకవర్షము 1166న, అనగా క్రీస్తుశకము 1244లో వేయించిన శాసనము కలదు. దానినే మనవారు అభయశాసన మందురు.

పూర్వము ఓడ గాలివానకు చిక్కి పగిలి యొడ్డునకు కొట్టుకొనివచ్చినచో, దానిలోని బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు సమస్తమును ఆ తీరపు రాజులు బలాత్కారముగా తీసికొనెడివారు. ప్రాణము దక్కిన వర్తకునికి కట్టుబట్టలు మిగులుటయు కష్టమే. గణపతిదేవుడు ఆ యాచారమును మాన్పించెను. ధనము ప్రాణముకంటెను ప్రియమైనదనియు, సముద్రయానమునకు సాహసించి వచ్చిన వర్తకుల యెడల దయ చూపుట ధర్మమనియు తలచి, న్యాయమైన సుంకము తప్ప తక్కిన సొత్తంతయు వారికే విడిచిపెట్టుదునని శిలపై మాట యిచ్చెను. ఆ సుంకము ముప్పదింట నొకవంతు. తరువాత 1358లో అనవోతారెడ్డి కూడ ఇచ్చటనే శాసనము వేయించి వర్తకులకు మరల అభయ మొసగెను.

ఈ శాసనము కోట కాదు, బురుజు కాదు. అయినను నేను దీనిని తీరపు రక్షణలలో చేర్చుచున్నాను. ఎందువలననగా, గాలివానకు చిక్కిన నావికుడు తీరమును చూచి భయపడునా, ధైర్యపడునా యనునది ఆ తీరమున నున్న గోడలపై గాక, ఆ తీరమున నున్నవారి మాటపై ఆధారపడియుండును. పైగా ఆ మాట సముద్రమువలన కలుగు ఆపదను గూర్చి పలికిన మాట. మన తీరమునకు మొదటి శత్రువు ఓడదొంగ కాదనియు, తుఫాననియు ఆనాటి ప్రభువుకు తెలియును. తరువాత వచ్చినవారు ఈ సంగతిని మఱచిరి.

తరువాత వచ్చినవారు ఐరోపా వర్తకులు. వారికి గోడలపై నమ్మకము మెండు. ఇంగ్లీషువారు 1626లో నెల్లూరుసీమలోని దుర్గరాజపట్టణమున స్థావర మేర్పఱచుకొని ఫిరంగులు నిలిపిరి. అటుపిమ్మట దానిని విడిచి చెన్నపట్టణమునకు పోయిరి. డచ్చివారు భీమునిపట్టణమున కోట కట్టుకొనిరి. అయితే మన చరిత్రలో పెద్దపేరు వహించినది బందరుకోట.

బందరు, లేక మచిలీపట్టణము, గోలకొండ సుల్తానుల ప్రధానమైన రేవు. ఇచ్చటి అద్దకపు వస్త్రములు పారసీకదేశము వఱకు పోయెడివి. సరకుల బండ్లు బందరునుండి బెజవాడ, కొండపల్లి సీమల మీదుగా గోలకొండకు నడచుచుండెడివి. కాబట్టి ఆనాడును బందరు క్షేమము మెట్టసీమకు పట్టనిది కాదు. డచ్చివారు 1605లోను, ఇంగ్లీషువారు 1611లోను, ఫ్రెంచివారు 1669లోను అచ్చట వర్తకమున కడుగిడిరి. నేటికిని బందరులోని వలందపాలెము, ఇంగ్లీషుపాలెము, పరాసుపేట అను పేటలు ఆ మూడుజాతుల జ్ఞాపకములను మోయుచున్నవి. డచ్చివారి సమాధులపై చెక్కడపుపనులు నేటికిని చూడదగియున్నవి.

కోట ఊరిలో లేదు. ఊరికి దాదాపు రెండు మైళ్ళ దూరమున, సముద్రపు కాలువయొద్ద, బురదనేలల నడుమ నున్నది. ఊరినుండి కోటకు బురదపై వేసిన కట్ట యొక్కటే దారి. 1750లో ఫ్రెంచివారు దానిని పట్టుకొని బాగుగా బలపఱచిరి. చుట్టును 11 బురుజులు, నీటితో నిండిన అగడ్త, కొయ్యకంచె. వీనన్నిటికంటెను వారు నమ్ముకొన్నది ఆ బురదను. కొండపల్లికి కొండ యెట్లో, బందరుకోటకు బురద అట్లు.

1758లో ఉత్తర సర్కారుల స్థితి యిది. ఆ సర్కారులు ఫ్రెంచివారి చేతిలో నుండెను. విజయనగర ప్రభువు ఆనంద గజపతిరాజు వారిపై తిరుగబడి, వంగదేశముననున్న క్లైవును సహాయ మడిగెను. క్లైవు పంపిన సేనాపతి ఫోర్డు. అతడు విశాఖపట్టణమున దిగి, డిసెంబరు నెలలో చందుర్తియొద్ద ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్సును ఓడించి, 1759 మార్చి నెలలో బందరుకోట ముందర విడిసెను.

ముట్టడించినవాని కష్టమే ముట్టడింపబడినవాని కష్టముకంటె ఎక్కువయ్యెను. జీతములు చాలక ఫోర్డు సైనికులే ఒకప్పుడు ఎదురుతిరిగిరి. నైజాము సలాబతుజంగు ఫ్రెంచివారికి తోడుగా పెద్దసేనతో బెజవాడకు వచ్చి దిగెను. పుదుచ్చేరినుండి ఫ్రెంచి ఓడలు బయలుదేరినవను వార్త వచ్చెను. ఫిరంగిమందు రెండుదినములకు మించి లేదు. వెనుకకు పోవుటకును దారి లేదు. అట్టి స్థితిలో ఫోర్డు ఏప్రిల్ 7వ తేదీ రాత్రి కోటపై పడ నిశ్చయించెను.

అతడెన్నుకొన్న సమయము ఆటు. సముద్రపు పోటు తీసి, అగడ్తలో నీరు తగ్గు నడిరేయి. ఆనంద గజపతి సేనలు కట్టదారిపై నిలిచి పెద్దగా అలజడి చేసినవి. ఒక చిన్నదళము నైరృతిదిక్కున బురదలో దిగబడుచు నడచి అచ్చట కాల్పులు మొదలిడెను. ఆ బురదను మనిషి దాటలేడని కోటలోనివారి నమ్మకము. కాని ఊరివారు ఆ బురదలో మోకాలిలోతున నడచుచుండుట ముట్టడిదారులు కన్నులార చూచియుండిరి. ఈ రెండువైపుల సందడి నడుమ అసలు సేన ఈశాన్యదిక్కుననున్న గండినుండి లోపల ప్రవేశించెను. కాన్‌ఫ్లాన్సునకు అన్నిదిక్కులనుండియు ఒకేసారి వార్తలు వచ్చినవి. ఏది నిజమైన దాడియో, ఏది వట్టి బెదిరింపో అతనికి తెలియలేదు. తెల్లవాఱులోపల లొంగిపోయెను. పట్టుబడినవారి సంఖ్య పట్టుకొన్నవారి సంఖ్యకంటె ఎక్కువగా నుండెను. ఎదురుచూచిన ఫ్రెంచి ఓడలు కొలదిదినములకే వచ్చినవి గాని, అప్పటికి కోటపై వేఱు జెండా యెగురుచుండెను. మే నెలలో సలాబతుజంగు ఇంగ్లీషువారితో సంధి చేసికొనెను. ఆ రాత్రితో ఉత్తర సర్కారులలో ఫ్రెంచివారి ప్రాబల్య మంతరించినది.

ఈ కథను చరిత్రకారులు సాధారణముగా ఫోర్డు సాహసమును గూర్చి చెప్పుటకు వాడుదురు. సాహసము నిజమే. కాని 11 బురుజులు, అగడ్త, బురద, తనకంటె తక్కువ సంఖ్యగల శత్రువు, ఇన్ని యనుకూలములున్న సేనాని యేల ఓడెను? అతనికి లేనిది గోడ కాదు. సరియైన సమయమున సరియైన వార్త చెప్పు కన్ను అతనికి లేకపోయెను. మాల్టాలోని నలుచదరపు బురుజుపై కొలదిమంది చేయుపని ఆ పెద్దకోటలో చేయువారు లేకపోయిరి.

ఇంకను గొప్పదైన పాఠము ఆ కోటకు 105 సంవత్సరములకు దొరకెను. ఈమారు నేర్పినది సముద్రమే.

1864వ సంవత్సరము నవంబరు 1వ తేదీ రాత్రి. తుఫానుగాలి తీరమును తాకెను. దానితో ఉప్పెన లేచెను. సాధారణపు పోటుమట్టముకంటె దాదాపు 13 అడుగుల యెత్తున సముద్రము నేలపైకి నడచివచ్చెను. కొన్నిచోట్ల 17 మైళ్ళ దూరము లోపలికి పోయెను. దాదాపు 780 చదరపు మైళ్ళ నేల మునిగెను. బందరులోను, చుట్టుపట్ల గ్రామములలోను కలిసి దాదాపు 30,000 మంది ప్రాణములు కోల్పోయిరి. 1759లో రెండు సేనలలోను కలిసి అందులో నాలవవంతు మనుష్యులు కూడ లేరు.

కోట ఆ నీటిని ఆపలేదు. ఆపుట దాని పనియు కాదు. దాని బురుజులు ఓడలకొఱకు కాచుకొనియున్నవి. దాని ఫిరంగులు మనుష్యులకు గుఱిపెట్టినవి. ఆకాశమున గాలి మారుటను చూచి, ప్రక్కయూరికి దీపముతో చెప్పు బురుజు మాత్రము ఆ తీరమున ఒక్కటియు లేకపోయెను. పడమటికి పారిపోవుటకు కావలసినది ఒక జాము వ్యవధి. ఆ జాము నెవరును ఇయ్యలేదు. ఆ యుప్పెన తరువాత బందరు తన పూర్వపు ప్రాభవమును మరల చూడలేదు. కోట కూడ క్రమముగా పాడుపడెను. ఇప్పుడు అచ్చటికి పోయినచో శిథిలములైన కొన్ని కట్టడములు మాత్రమే కనబడును.

ఆ యుప్పెనకు నెలదినములు కూడ ముందుకాకుండ, అదే సంవత్సరము అక్టోబరు 5వ తేదీని, ఇంకొక తుఫాను కలకత్తా నగరమును ధ్వంసము చేసియుండెను. ఈ రెండు దెబ్బలతో ప్రభుత్వమునకు మెలకువ కలిగెను. కలకత్తా రేవులో తుఫాను హెచ్చరికల యేర్పాటు ప్రారంభమయ్యెను. 1875లో భారత వాతావరణశాఖ స్థాపింపబడెను. రేవులలో స్తంభములు నిలిపి, తుఫాను దూరమున నున్నదా, దగ్గఱకు వచ్చుచున్నదా యనుదానిని అంకెల క్రమమున తెలుపుట వాడుకలోనికి వచ్చెను. మీరు రేడియోలో, పత్రికలలో వినుచుండు మూడవ నంబరు ప్రమాదసూచిక, పదవ నంబరు ప్రమాదసూచిక యనునవి యివియే. ఒకటినుండి పదునొకటి వఱకు కలవు. పగలు స్తంభముపై శంకువులు, స్తూపములు వ్రేలాడదీయుదురు. రాత్రి ఎఱ్ఱదీపములు, తెల్లదీపములు వెలిగింతురు. పగలు పొగ, రాత్రి మంట యని మాల్టావారు చేసినపనియే యిది. శత్రువు మాత్రము మారినాడు. కావలి తీరు మారలేదు.

కావున మన తీరమునకు నిజమైన కావలిబురుజులు ఈ సూచికాస్తంభములతో పుట్టినవని నా యభిప్రాయము. అంతర్వేది, వాకలపూడి మొదలగుచోట్లనున్న దీపస్తంభములు ఓడలకు దారి చూపును. బందరులోని రాడారు యంత్రము కంటికి కనబడని దూరమున మేఘముల నడకను కనిపెట్టును. 11 బురుజుల కోటకు లేని చూపు ఈ యంత్రమునకు కలదు.

అయినను కథ ఇచ్చటితో సుఖాంతము కాలేదు. చూచుట వేఱు, చెప్పుట వేఱు, వినినవాడు నమ్మి కదలుట వేఱు. ఇది మనకు 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీని తెలిసెను. ఆనాటి తుఫాను దివిసీమను ఊడ్చివేసెను. ఉప్పెన కోడూరు, నాగాయలంక, అవనిగడ్డ ప్రాంతములలో గ్రామములకు గ్రామములనే కబళించెను. దాదాపు 10,000 మంది మరణించిరి. అవనిగడ్డ చెంత ఆనాటి మృతులకు స్మారకము నిలిపియున్నారు. హెచ్చరికలు వెలువడకపోలేదు. కాని దూరపు పల్లెలకు, లంకలకు అవి చేరినది స్వల్పము. చేరినచోట్లను తుఫానన్న గాలివానయే గదా, తలుపులు బిగించుకొని యింట కూర్చున్న చాలునను తలంపే పలువురిది. సముద్రము ఇల్లు దాటి పోవునని ఊహించినవారు లేరు. 1864 నాటి ముచ్చట చెప్పుటకు అప్పటి కెవరును బ్రదికియుండలేదు. బురుజుపై మంట వెలిగినను, ప్రక్క బురుజువాడు నిద్రించినచో గొలుసు తెగినట్లే.

ఆ తెగిన గొలుసును మరల అతికించుటకు తరువాత గట్టి ప్రయత్నము జరిగెను. తీరగ్రామములలో స్తంభములపై నిలిచిన తుఫాను రక్షణభవనములు లేచినవి. వానిలో పెక్కింటిని మామూలు దినములలో బడులుగా వాడుకొనుచున్నారు. ఉప్పెన నీరు క్రిందనుండి పోవును, జనులు పైన నుందురు. కొండ లేనిచోట కొండపల్లి కట్టుట యనిన ఇదియే. 1990 మే నెలలో కృష్ణా ముఖద్వారమున మరల అంతటి ప్రచండమైన తుఫాను తగిలినప్పుడు లక్షలాది జనులను ముందుగానే కదలించిరి. మృతుల సంఖ్య వేయికి లోపల నుండెను. వేయి యనునది చిన్నసంఖ్య కాదు. కాని 10,000తో పోల్చినచో, ఆ తొమ్మిదివేల ప్రాణములను నిలిపినది ఏ గోడయు కాదు, సకాలమున పలికిన మాట.

మాట అందనిచో నేమగునో 1996 నవంబరు 6వ తేదీని కోనసీమ తుఫాను మరల చూపెను. ఆనాడు వేయిమందికి పైగా మరణించిరి. వేటకు పోయి సముద్రముపై నున్న పడవలలోని మత్స్యకారులు పలువురు తిరిగి రాలేదు. 2014 అక్టోబరు 12వ తేదీని హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణమువంటి మహానగరముపై పడినను మన రాష్ట్రమున మృతులు నూఱుమందికి లోబడియే యుండిరి. గొలుసు నిలిచిననాడు ఒకలెక్క, తెగిననాడు వేఱొకలెక్క.

మనుష్యులు కట్టని కోట యొకటి కూడ మన తీరమునకు కలదు. అది మడ అడవి. కృష్ణా ముఖద్వారమునను, కోరంగియొద్దను ఉప్పునీటిలో వేళ్ళూని నిలిచిన ఆ చెట్లు అలల ఉద్ధృతిని తగ్గించి, ఒడ్డు కోసికొనిపోకుండ పట్టియుంచును. ఆ కోరంగి రేవే 1789లోను, 1839లోను ఉప్పెనలకు నాశనమైనది. బందరుకోటను కట్టుటకు ఎంత ధనము వ్యయమైనదో గాని, మడ అడవిని కాపాడుటకు కావలసినది దానిని నఱకకుండుటయే.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. తిరువూరువారికి తీరపు కావలితో నేమి పని?

సముద్రమున పుట్టిన వాయుగుండము తీరమున ఆగిపోవునది కాదు. 2024 ఆగస్టు చివరను, సెప్టెంబరు మొదటను ఏమి జరిగెనో మనకందఱకును తెలియును. బంగాళాఖాతమున పుట్టిన వాయుగుండము కళింగపట్టణముచెంత తీరము దాటినది. వాన కురిసినది మన మెట్టలపైన. మైలవరపు కొండలలో పుట్టిన బుడమేరు పొంగి విజయవాడ పేటలను ముంచినది. ఆ విధముగా మెట్టవాని యింటిపై వాన కురిసి, పల్లపువాని యింట నీరు నిలిచెను. అట్టియెడ చెరువుకట్ట కావలివాడు, వాగు మట్టము చూచువాడు, పైయూరినుండి క్రిందియూరికి వార్త పంపువాడు, వీరందఱును బురుజుపైనున్న కావలివాండ్రే.

ఇంకొక సంగతి. వరికోతల కాలమున మెట్టసీమ కూలిజనము పల్లపుసీమకు పోవుట మన జిల్లాలలో తరతరముల వాడుక. ఆ కోతలు వచ్చునది కార్తిక మార్గశిరములలో. 1864 ఉప్పెనయు, 1977 ఉప్పెనయు వచ్చినది నవంబరులోనే. పొలముగట్టున గుడిసె వేసికొన్న పరాయియూరి కూలివానికి అచ్చటి రక్షణభవన మెక్కడ నున్నదో తెలియదు. అతనికి చెప్పువా డెవరు? పనికి పిలిచినవాడు చెప్పవలెను. ఇంటినుండి పంపినవారు అడుగవలెను. బయలుదేరునప్పుడు కూలి యెంతయని అడిగెదము గదా, గాలివాన వచ్చినచో తలదాచుకొను మేడ యెక్కడనని కూడ అడుగుట నేర్చుకొందము. ఆ యొక్క ప్రశ్న విలువ ఆ బందరుకోటలోని 11 బురుజుల విలువకు తీసిపోదు.

బందరు చూడబోయినవారు కోట శిథిలములను కూడ చూచి రండు. పిల్లలను వెంట గొనిపోవుడు. ఫోర్డు కథయు, ఆనంద గజపతి కథయు చెప్పుడు. దానితోపాటు 1864 నవంబరు రాత్రి కథను కూడ చెప్పుడు. 1977 నాటికి ఆ కథ చెప్పువారు లేకపోవుటచే మనకు కలిగిన నష్ట మెంతటిదో వింటిరి. దివిసీమ ఉప్పెనను కన్నులార చూచినవారు నేటికిని మన నడుమ కలరు. వారు చెప్పగలిగిన దినములలోనే వారి నోట విని, పిల్లలకు అందింపవలెను. రాతిగోడకు శిథిలత తప్పదు. ఒకరినుండి యొకరికి నడచు వార్తకు మాత్రము, వినువారున్నంతకాలము, ఆ భయము లేదు.